ఆ నెంబరు మీద ఇద్దరున్నారు

చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడ్డానికి వీల్లేదు గానీ, నేను కూడా ఒక పనిముట్టునే. కంప్యూటర్ ప్రోగ్రాంలో ఒక చిన్న మాటని. నా పేరు గెట్. నోరు లేనిదానివి ఎలా మాట్లాడుతున్నావు, చెవులు లేనిదానివి ఎలా విన్నావు అని నన్ను నిలదీయకండి. ఏదో పాత కథలో చిల్లుకానీ తన కథ చెప్పుకుంటే నోరెళ్ళబెట్టి విన్నారు కదా, నా దగ్గరకొచ్చేసరికి సాక్ష్యాలు అడిగితే ఎలా?

నా పనేమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. డేటాబేసు అంటే ఒక పెద్ద గళ్ళ పట్టిక అనుకోండి. మనిషికొక వరుస. ఆ పట్టికది ఒక భాష, ప్రోగ్రాం రాసే కుర్రాళ్ళది ఇంకో భాష. ఇద్దరి మధ్యా మాటలు చేరవెయ్యడానికి ఒక దుబాసీ ఉన్నాడు. ఓఆర్‌ఎం అంటారు వాణ్ణి. ఆ దుబాసీ కొలువులో బంట్రోతుని నేను. ఒక గుర్తు చెప్పి, ఈ గుర్తున్న వరుస పట్టుకురా అంటారు. పట్టుకొస్తాను. ఆ గుర్తు పట్టిక మొత్తంలో ఇంకెవరికీ ఉండకూడదు, అదొక్కటే నా షరతు. ఒక్కరు దొరికితే తెస్తాను. ఎవరూ లేకపోతే లేరంటాను. ఇద్దరు దొరికారా, ఇద్దర్నీ అక్కడే వదిలేసి స్క్రీన్ నిండా ఎర్రగా అరుస్తాను. ఇద్దరిలో ఒకరిని నా ఇష్టం వచ్చినట్టు ఎంచి తేవడం నా వల్ల కాదు. దీన్ని కొందరు పొగరంటారు, అనుకోనివ్వండి.

నాకో చెల్లెలుంది. దాని పేరు ఫస్ట్. దానికి ఇలాంటి పట్టింపులేమీ లేవు. ఒకరుంటారో పదిమందుంటారో దానికి అనవసరం, వరుసలో ముందు ఎవరు కనబడితే వాళ్ళ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేస్తుంది. గొడవ లేదు, అరుపు లేదు. అందుకే దాన్ని అందరూ ముద్దు చేస్తారు. నిజం చెప్పొద్దూ, నాకది కంటగింపు.

నన్ను రాసింది ఒక్కరు కాదు. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేసి, కొట్టేసింది మళ్ళీ ఎవరో తెచ్చిపెట్టి, అలా నలుగురి చేతుల మీద పెరిగాను. ఇద్దరు దొరికినప్పుడు ఏం చెయ్యాలన్న దగ్గర వాళ్ళు బాగా తగువుపడ్డారు. ఎవరో ఒకరిని తెచ్చేస్తే పోలా అని కొందరు. ఒకాయన మాత్రం మొండిపట్టు పట్టాడు. తెలియనప్పుడు తెలియదని అరవాల్సిందే, తప్పు మనిషిని తెచ్చి ఇదిగో అనకూడదు అన్నాడు. ఆయన మొహం నేను చూడలేదు, ఆయన బుద్ధి మాత్రం నాకు అంటుకుంది. ఆ తర్వాత నన్ను ఊరికే గాలికి వదిలేశారు. కావలసినవాళ్ళు ఉచితంగా దించుకోవచ్చు. అలా దించుకున్నవాళ్ళలో కాకినాడలో కాజాల కొట్టు మీద మేడగదిలో ప్రోగ్రాములు రాసుకునే మేఘశ్యామ్ ఒకడు. నేను అతని సంచిలో పడ్డాను.

నన్ను మొట్టమొదట ఒక కల్యాణ మండపానికి తీసుకెళ్ళాడు. అక్కడ గుర్తు తేదీ. ఒక రోజుకి ఒక పెళ్ళి. నాకు హాయిగానే ఉండేది, మేనేజరు పెద్దమనిషి ఒకే ముహూర్తానికి ఇద్దరికి మాటిచ్చేదాకా. ఆ తేదీ అడిగారు, నేను అరిచాను. ఆయన స్క్రీన్ మీద తువ్వాలు కప్పి కాఫీకి వెళ్ళిపోయాడు. ముహూర్తం నాటికి గుమ్మంలో రెండు బ్యాండు మేళాలు ఎదురెదురుగా నిలబడి ఒకళ్ళని మించి ఒకళ్ళు వాయించారు. తువ్వాలు కప్పితే నేను కనబడకుండా పోతానేమో గానీ పెళ్ళివాళ్ళు పోరు కదా. తర్వాత కొన్నాళ్ళు బస్టాండులో పార్సెల్ ఆఫీసు. అక్కడ పార్సెలుకో నెంబరు, నెంబరుకో పార్సెలు. అక్కడ ఉన్నంతకాలం నేను ఒక్కసారి కూడా అరవలేదు. సుఖంగా బతికాను.

ఆ తర్వాత కోనసీమలో ఒక ఊరి పురుళ్ళ ఆసుపత్రి. ఊరి పేరు చెప్పను.

ఆసుపత్రి పెద్ద డాక్టరు అరుంధతిగారు. కౌంటరులో కూర్చునే అమ్మాయి ఎస్తేరు. పేషెంటుని దేంతో గుర్తుపట్టాలి అని మేఘశ్యామ్ అడిగిన రోజున వాళ్ళ ముగ్గురి మాటలూ నేను విన్నాను.

"కార్డు తెమ్మంటే ఇంటి దగ్గర బీరువాలో ఉందంటారండి," అంది ఎస్తేరు. "ఫోను నెంబరైతే నోటికొచ్చు. ఎవరు అడిగినా గడగడా చెప్పేస్తారు."

"అయితే నెంబరే పెట్టెయ్యండి," అన్నారు అరుంధతిగారు. "నొప్పులతో వచ్చినప్పుడు కార్డులు వెతుక్కుంటూ కూర్చోలేం."

మేఘశ్యామ్‌కి ఇందులో అనుమానించడానికి ఏమీ కనిపించలేదు. వాళ్ళింట్లో వాళ్ళ నాయనమ్మకి కూడా రెండు ఫోన్లున్నాయి. ఒక మనిషికి ఒక నెంబరు ఉంటుందనీ, ఒక నెంబరుకి ఒకే మనిషి ఉంటుందనీ అనుకున్నాడు. పాత పేషెంటుని వెతికే చోట నన్ను నిలబెట్టి, నా చేతికి ఫోను నెంబరు ఇచ్చాడు. కొత్తవాళ్ళని చేర్చుకునే చోట మాత్రం ఎవరినీ కాపలా పెట్టలేదు. ఈ నెంబరు రెండోసారి రాకూడదు అని పట్టికకి ఒక్కమాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక పద్ధతుంది. ఆసుపత్రిలో ఇచ్చే నెంబరు కడుపుతో ఉన్న పిల్లది కాదు, అత్తగారిది. పిల్ల చేతిలో మంచి ఫోనే ఉంటుంది, అయినా ఆ నెంబరు చెప్పరు. ఆసుపత్రి నుంచి ఏ కబురొచ్చినా ముందు ఇంట్లో పెద్దావిడ చెవిన పడాలి. మంచిదైతే ఆవిడే నలుగురికీ చెప్పాలి, కానిదైతే ఎవరికి ఎలా చెప్పాలో ఆవిడే చూసుకోవాలి. ఇది బరువు మోసే పద్ధతే గానీ పెత్తనం చేసే పద్ధతని నేననను. ఇంకో సంగతి, కౌంటరు దగ్గర పేర్లతో ఎవరికీ పనుండదు. ఫలానావారి కోడలు అంటే సరిపోతుంది. ఎస్తేరు కూడా అలాగే పిలిచేది, వాళ్ళూ అలాగే పలికేవారు.

నూకరత్నం అలాంటి అత్తగారే. కొబ్బరిపీచు తాళ్ళు పేనించే కళ్ళం ఉంది ఆవిడకి. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు వీరవేణి. పుట్టిల్లు కూడా ఆ పక్క ఊరే కావడంతో మొదటి పురుడు ఈ ఆసుపత్రిలోనే పోసుకుంది. ఆ పురిటిలో చీము పట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ ఒకటి చేశారు. చేసిన కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, మొహం వాచి, ఊపిరి ఆగిపోయింది. అరుంధతిగారు విరుగుడు మందిచ్చి, పక్కనే కూర్చుని బతికించారు. వీరవేణి వరుసలో ఆవిడే తన చేత్తో ఎక్కించారు, ఈ ఇంజెక్షన్ ఈ మనిషికి చెయ్యకూడదు, ప్రాణం పోతుంది అని. నూకరత్నం ఆ మందు పేరు ఒక చీటీ మీద రాసిమ్మని అడిగితే, "కంప్యూటర్లో ఎక్కించేశాం పిన్నిగారూ, ఇంక మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు," అంది ఎస్తేరు. నూకరత్నం దండం పెట్టి వెళ్ళిపోయింది.

చిన్నకోడలు జ్యోత్స్న కిందటేడు కాపురానికొచ్చింది. ఈసారి తోడికోడళ్ళిద్దరూ కొద్ది రోజుల తేడాతో నెల తప్పారు. జ్యోత్స్నని చూపించడానికి తీసుకొచ్చినప్పుడు నూకరత్నం తన నెంబరే చెప్పింది. ఎస్తేరు కొత్త వరుస వేసింది. పడని మందులు అన్న గడిలో, ఏవీ లేవు అని రాసింది. జ్యోత్స్న విషయంలో అది నిజమే. ఇప్పుడు ఒకే నెంబరు మీద ఇద్దరు.

వాళ్ళిద్దరే అనుకునేరు, ఇద్దరు కోడళ్ళున్న ప్రతి అత్తగారి నెంబరూ అంతే. కౌంటరు నిండా జనం, నేను పొద్దుటి నుంచీ అరుపు. నా అరుపు ఇంగ్లీషులో ఉంటుంది, మూరెడు పొడుగుంటుంది, ఒక నెంబరు మీద ఇద్దరున్నారు అన్న అసలు సంగతి చిట్టచివర ఉంటుంది. అంతదూరం ఎవరు చదువుతారు? ఎర్రగా రాగానే ఎస్తేరు దాన్ని మూసేసి, ఇంకో స్క్రీన్ తెరిచి, ఊరి పేరు కొట్టి, అందులో వెతుక్కునేది. ప్రతివారం మేఘశ్యామ్‌కి ఫోన్ చేసేది.

"ఆ ఎరుపు తీసెయ్యండి సార్. చూస్తుంటే గుండె దడ వస్తోంది."

"చూస్తానండి, ఈ సోమవారం తప్పకుండా," అనేవాడతను. ఎన్నో సోమవారాలు వచ్చి వెళ్ళిపోయాయి.

ఒక శనివారం పొద్దున్న అరుంధతిగారు రాజమండ్రిలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళారు. డ్యూటీలో కొత్తగా చేరిన చిన్న డాక్టరమ్మ ఒక్కతే ఉంది. ఆటో ఒకటి గుమ్మంలో ఆగింది. నూకరత్నం వీరవేణి నడుం పట్టుకుని దించింది. నర్సు ఒకామె చూసి, కడుపు మీద చెయ్యి వేసి, గొట్టం పెట్టి విని, మరో మాట లేకుండా స్ట్రెచర్ మీద లోపలికి తోసుకుపోయింది. బిడ్డ గుండె నెమ్మదిస్తోంది, వెంటనే కోసి తియ్యాలి. డాక్టరమ్మ కౌంటరు ముందునుంచి పరుగెడుతూనే, "ఫైలు తియ్యండి, థియేటరుకి పంపండి," అంది.

"నెంబరు చెప్పండి పిన్నిగారూ," అంది ఎస్తేరు.

నూకరత్నం చెప్పింది. ఎస్తేరు కొట్టింది. నన్ను పిలిచారు. వెళ్ళాను. ఇద్దరు కనిపించారు. అరిచాను.

ఇంతకుముందెప్పుడూ నా అరుపుకి అంత అర్థం లేదు. ఇద్దరిలో ఒకరికి ఆ ఇంజెక్షన్ ప్రాణాంతకం, ఇంకొకరికి ఏమీ కాదు. లోపలికి వెళ్ళింది ఎవరో పేరు అడగండి, ఒక్కసారి పేరు అడగండి చాలు అని నా ఎరుపు నిండా అదే ఉంది. కానీ అది కూడా ఎప్పటి ఎరుపులాగే కనిపించింది. ఎస్తేరు మూసేసి ఇంకో స్క్రీన్ తెరిచింది. ఊరి పేరు కొట్టేలోపు లోపలి నుంచి ఇంటర్‌కమ్ మోగింది, ఫైలేదని. ఫోన్ తీసి మేఘశ్యామ్‌కి కలిపింది.

"సార్, ఇక్కడ పేషెంటుని థియేటర్లోకి తీసుకుపోయారు, స్క్రీన్ ఎర్రగా ఉండిపోయింది. నా వల్ల కాదు, ఇప్పుడే ఏదో ఒకటి చెయ్యండి."

"ఒక్క నిమిషం మేడమ్, లైన్లో ఉండండి."

కాకినాడలో కూర్చునే అతను నా ఇంట్లోకి వచ్చాడు. ప్రోగ్రాంలో నేనున్న పంక్తి దగ్గరకొచ్చి ఆగాడు. నా అరుపు అతని ముందు కూడా పరిచి ఉంది, చివరిదాకా. అతను చదివాడనే నేననుకుంటాను. చదివి, ఏదో పాత వరుస రెండుసార్లు పడినట్టుందిలే అనుకున్నాడు. నా ముందు ఒక చిన్న హ్యాష్ గుర్తు పెట్టాడు. ఆ గుర్తు పెట్టిన పంక్తిని యంత్రం చదవదు. మాట అక్కడే ఉంటుంది, నోరు మాత్రం ఉండదు. నా కింద నా చెల్లెల్ని నిలబెట్టాడు.

"ఇప్పుడు చూడండి మేడమ్."

ఎస్తేరు మళ్ళీ నెంబరు కొట్టింది. ఆ పట్టికలో ఈమధ్య వచ్చినవాళ్ళు పైన ఉంటారు. జ్యోత్స్న మొన్ననే స్కానింగుకి వచ్చి వెళ్ళింది. నా చెల్లెలు చకచకా వెళ్ళి జ్యోత్స్నని తీసుకొచ్చింది. స్క్రీన్ తెల్లగా, నిర్మలంగా తెరుచుకుంది.

"హమ్మయ్య. వచ్చిందండి సార్, థాంక్సండి," అని ఎస్తేరు ఫోన్ పెట్టేసింది. నూకరత్నం వైపు తలెత్తి, "మీ కోడలేగా?" అంది.

"ఆయ్, మా కోడలేనండి," అంది నూకరత్నం.

ఎవరూ అబద్ధం ఆడలేదు చూడండి. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎస్తేరు ప్రింటు తీసింది. మణికట్టుకి కట్టే పట్టీ మీద జ్యోత్స్న పేరు పడింది. ఆయా పట్టుకుని లోపలికి పరుగెత్తింది. నూకరత్నం చేతికి సామాన్ల చీటీ ఇచ్చి ఎదురుగా ఉన్న మందుల షాపుకి పంపించారు. నేను హ్యాష్ గుర్తు వెనకాల నిలబడి చూస్తున్నాను. గొంతు దాకా వచ్చిన మాట గొంతులోనే ఉండిపోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు.

ఇంటర్‌కమ్ మళ్ళీ మోగింది. థియేటరు నర్సు.

"ఎస్తేరూ, ఈవిడకి పడని మందులేవైనా ఉన్నాయేమో ఒకసారి మళ్ళీ చూసి చెప్పు."

"ఏవీ లేవు," అంది ఎస్తేరు.

"సరిగ్గా చూసేవా?"

"ఎదురుగానే ఉందక్కా. ఏవీ లేవని రాసుంది."

అవతల పెట్టేశారు. లోపల ఇప్పుడు ఏం చేస్తారో నాకు తెలుసు. కొయ్యబోయే ముందు అదే ఇంజెక్షన్ సెలైన్లో కలిపి ఎక్కిస్తారు. అందరికీ ఎక్కించేదే. కౌంటరు దగ్గర ఒకాయన టోకెన్ కోసం చిరాకుపడుతున్నాడు. పైన ఫ్యాను కీచుమంటోంది. ఎస్తేరు మంచినీళ్ళ సీసా మూత తీసి రెండు గుక్కలు తాగి, నెమ్మదించిన మొహంతో తర్వాతివాళ్ళని పిలిచింది.

ఆ తర్వాతివాళ్ళ వెనకాల ఒకమ్మాయి వచ్చి నిలబడింది. ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చంకలో పుట్టబోయే బిడ్డకి చుట్టడానికి ఉతికి మడతపెట్టిన పాత నేతచీరల సంచి. కడుపుతో ఉంది, ఆయాసపడుతోంది. బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది.

"ఇందాక పురిటికి తీసుకొచ్చేరండి, మా అత్తయ్యగారూ వాళ్ళూ. ఎక్కడున్నారండి?"

"నెంబరు చెప్పండి."

అమ్మాయి అత్తగారి నెంబరు చెప్పింది. ఎస్తేరు కొట్టింది. నా చెల్లెలు మళ్ళీ అదే వరుస తెచ్చిపెట్టింది.

"జ్యోత్స్నగారిని థియేటర్లోకి తీసుకెళ్ళేరండి. ఆపరేషను. మీరావిడకి ఏమవుతారు?"

అమ్మాయి అర్థం కానట్టు చూసింది.

"జ్యోత్స్నని నేనేనండి," అంది. "లోపలున్నది మా అక్క. వీరవేణి."

ఎస్తేరు స్క్రీన్ వైపు చూసింది. అమ్మాయి వైపు చూసింది. చెయ్యి ఇంటర్‌కమ్ మీదకి పోయింది. అవతల మోగుతోంది. మోగుతూనే ఉంది. ఆపరేషను మొదలైతే ఎవరూ ఎత్తరు. కుర్చీ వెనక్కి పడిన చప్పుడు నాకు వినిపించింది, ఆ తర్వాత వసారా పొడుగునా ఆమె చెప్పుల చప్పుడు. తలుపు దబదబా కొట్టింది. "ఆ సెలైన్ ఆపండి, ఆవిడ జ్యోత్స్న కాదు," అన్న మాట మాత్రం కౌంటరు దాకా వచ్చింది. తర్వాత తలుపు మూసుకుంది.

జ్యోత్స్న కౌంటరు అంచు పట్టుకుని నిలబడిపోయింది. "అక్కకి ఆ సూది పడదు," అంది, తనలో తనే అనుకుంటున్నట్టు. "అత్తయ్యగారు చెప్పలేదా? అందరికీ తెలుసు కదా ఇంట్లో."

నాకు తెలిసినంతలో ఈ లోకంలో ఎదురుచూడ్డం అన్నిటికన్నా కష్టమైన పని. మామూలుగా నన్ను పిలిచిన క్షణంలోనే జవాబు తెచ్చేస్తాను, కాబట్టి నాకు అలవాటు లేదు. ఆ రోజు నేర్చుకున్నాను. టోకెన్ కోసం చిరాకుపడినాయన పక్కకి తప్పుకున్నాడు. నూకరత్నం మందుల సంచితో వచ్చింది. చిన్నకోడలి మొహం చూసి బల్ల మీద కూర్చుంది.

పసిబిడ్డ ఏడుపు ముందు వినిపించింది. బలంగా ఉంది ఏడుపు. ఎవరో నవ్వారు కూడా. కానీ తల్లి మాట ఎవరూ చెప్పలేదు. ఆయా బయటికొచ్చి, ఆడపిల్ల అని చెప్పి, అత్తగారి కళ్ళలోకి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. నూకరత్నం లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది.

ఎస్తేరు వచ్చింది. జుట్టు చెదిరిపోయి ఉంది. సెలైన్ కొంత లోపలికి పోయిందనీ, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయనీ, ఊపిరి అందకపోతే గొంతులోకి గొట్టం వేశారనీ, అరుంధతిగారు ఫోన్లో చెబుతూ ఉంటే డాక్టరమ్మ విరుగుడు మందులు ఇస్తోందనీ ఒక్కొక్కటే చెప్పింది.

నూకరత్నం అంతా విన్నది. గొంతు పెంచలేదు.

"మీరే అన్నారు కదమ్మాయ్, గుర్తుపెట్టుకోనక్కర్లేదని," అంది. "అందుకే నేను పెట్టుకోలేదు."

ఎస్తేరు అక్కడే కౌంటరు కిందికి జారి, నేనున్న కంప్యూటర్ పెట్టె పక్కన కూర్చుని ఏడ్చింది. కాసేపయ్యాక ఫోన్ తీసి మేఘశ్యామ్‌కి సంగతి చెప్పింది. తిట్టలేదు.

"బతుకుతుందా?" అన్నాడతను.

"తెలీదు సార్."

అతను మధ్యాహ్నానికల్లా మోటారుసైకిలు మీద వచ్చేశాడు. హెల్మెట్ తీసి కౌంటరు మీద పెట్టి, నా ముందున్న హ్యాష్ గుర్తు చెరిపేశాడు. నా చెల్లెల్ని అక్కణ్ణుంచి తీసేశాడు. దాని మీద నాకు కోపం లేదు, అది చెప్పిన పని చేసింది. ఎవరైనా సరే అని అడిగితే అది ఎవరినో ఒకరిని తెచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్క పేషెంటుకీ వేరే ఎవరికీ రాని ఒక సంఖ్య ఇచ్చి, దాన్ని పట్టీ మీదకి ఎక్కించి, నా చేతిలో పెట్టాడు. ఫోను నెంబరు కొడితే ఇంక ఆ నెంబరు మీదున్నవాళ్ళందరి పేర్లూ వస్తాయి, ఎవరో అడిగి ఎంచుకోవాలి. నా అరుపు కూడా తెలుగులో రాశాడు, ఒక్క వాక్యం. అది రాస్తూ రెండుసార్లు తప్పు కొట్టాడు. ఆ పొద్దంతా అతను థియేటరు వైపు తలెత్తి చూడలేదు.

ఇలాంటి పనే పొద్దున్న చేసి ఉండొచ్చు కదా అని మీకు అనిపిస్తోందా? నాకూ అనిపించింది. మనుషులకి తలుపు గడియ పెట్టడం బాగానే వచ్చు, ఎప్పుడు పెట్టాలన్నదే వాళ్ళకి కుదరదు. నేను ఇలా వెటకారంగా మాట్లాడుతున్నానని కోప్పడకండి. ఆ రోజు నాకు చాలా భయమేసింది.

అరుంధతిగారు పెళ్ళిబట్టల్లోనే వచ్చారు. సాయంత్రానికి వీరవేణి ఊపిరి తనంతట తాను తీసుకుంది.

మర్నాడు గొట్టం తీసేశారు. ఎస్తేరు వార్డులోకి ట్యాబ్ పట్టుకుని వెళ్ళింది. అందులోనూ నేనే ఉంటాను. కొత్త సంఖ్యల ప్రకారం అందరి వివరాలూ మళ్ళీ మొదటి నుంచీ మనిషినే అడిగి రాసుకోవాలని అరుంధతిగారి ఆర్డరు. వీరవేణి దిండుకి చేరగిలపడి ఉంది, మొహం వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. పక్కన బిడ్డ, పాత నేతచీర ముక్కలో. జ్యోత్స్న ఒక స్పూనుతో ఆమెకి నీళ్ళు పడుతోంది. మంచం పక్కనే నూకరత్నం.

"పేరు చెప్పండమ్మా," అంది ఎస్తేరు.

"మా పెద్దకోడలేనండి," అంది నూకరత్నం అలవాటుగా.

"ఆవిణ్ణే చెప్పనివ్వండి పిన్నిగారూ."

వీరవేణి ఆశ్చర్యంగా చూసింది. గొంతు పూడుకుపోయి ఉంది, ఒక్కొక్క అక్షరమే బయటికొచ్చింది. "గెడ్డం వీరవేణి."

ఎస్తేరు రాసుకుంది. నన్ను పిలిచింది, వెళ్ళాను, ఒక్క వరుసే ఉంది, తెచ్చాను. ఎస్తేరు దాన్ని చూసి కూడా తల దించుకునే అడిగింది, చదివింది నమ్మనట్టుగా.

"మీకు పడని మందులేవైనా ఉన్నాయా అమ్మా?"

వీరవేణి బిడ్డ మీద చెయ్యి వేసి కాసేపు ఊపిరి తీసుకుంది.

"నిన్న బల్ల మీద పడుకోబెట్టినప్పుడు చెప్పేనండి, ఆ సూది నాకు పడదని," అంది. "నర్సమ్మగారు ఫోన్ చేసి కనుక్కుని, కంప్యూటర్లో లేదన్నారు."